తుపాను గాలి, ఇంటి కప్పు, షెల్టరు తాళంచెవి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రికవరీ, ఇవన్నీ ఈ పుస్తకంలో ఎట్టాగూ అచ్చవుతాయి, నువ్వు తుపాన్ల గురించి మాట్లాడమ్మా అన్నారు మన అధ్యక్షురాలు గారు. నేను చదివింది పదో తరగతి. వాతావరణ శాఖ వాళ్లలాగా చెప్పడం నాకు రాదు. విపత్తుల శిక్షణలో విన్నది, మా అత్తగారు, మా ఊరి పెద్దవాళ్లు చెప్పింది, ఇళ్ల రిపేరు లోన్లకి సంతకాలు పెడుతూ నాకు తెలిసొచ్చింది, ఈ మూడూ కలిపి చెప్తాను.

తుపాను వస్తుందనగానే మనం అడిగే మొదటి మాట ఏంటి? "గాలి ఎంతంట? ఎన్నో నంబరు ఎగరేశారు?" టీవీలో నూటయాభై అంటే భయపడతాం, తొంభై అంటే బట్టలు దండెం మీద నుంచి తీసి లోపలేసుకుని పడుకుంటాం. గాలి ఎంతో తెలుసుకోవాల్సిందే. కానీ ఆ ఒక్క అంకె చూసి మనకి ఎంత ప్రమాదమో తేల్చుకోలేం. ఎందుకో మన కృష్ణా, గోదావరి జిల్లాల సంగతులతోనే చెప్తాను.

1977 నవంబర్ 19, శనివారం. మన దివిసీమ ఉప్పెన. ఈ సభలో ఉన్న పెద్దవాళ్లకి ఆ తేదీ నేను చెప్పక్కర్లేదు. సర్కారు లెక్కలోనే సుమారు పది వేల మంది పోయారు, అంతకంటే ఎక్కువేనని మనవాళ్లు అంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు మనిషి నిలబడ్డ చోట నీళ్లు పదహారు అడుగులు లేచాయి.

తర్వాత 1990 మే 9. మళ్లీ ఇక్కడే, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తీరం దాటింది. ఆ గాలి 1977 గాలికి తీసిపోయింది కాదు. ఉప్పెన కూడా వచ్చింది. చనిపోయిన వాళ్లు వెయ్యి మంది లోపు. వెయ్యి మందంటే చిన్న సంగతి అని కాదు, ఒక్కరు పోయినా ఆ ఇంటికి అది ఉప్పెనే. కానీ పది వేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ? పదమూడేళ్లలో సముద్రం ఏమీ మెత్తబడలేదు. ఆ మధ్యలో తుపాను షెల్టర్లు కట్టారు, పూరిళ్లు పోయిన చోట పక్కా ఇళ్లు కొన్ని లేచాయి, ఊళ్లకి రోడ్లు పడ్డాయి, 1977ని చూసిన జనం రమ్మనగానే లేచి వెళ్లారు.

ఇక మూడోది కోనసీమ తుపాను, 1996 నవంబర్ 6. అది చుట్టుకొలతలో చిన్న తుపాను. 1990 దానంత పెద్దది కానే కాదు. అయినా వెయ్యి మందికి పైగానే పోయారు. ఎందుకంటే అది తీరానికి దగ్గర్లోనే పుట్టి, గబగబా బలపడి, రాత్రి పూట వచ్చి పడింది. జనాన్ని కదిలించడానికి టైము చాల్లేదు. వేటకెళ్లిన బోట్లు సముద్రంలోనే ఉన్నాయి. లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి అక్కా. గాలి బలం ఒకటి, మనం ఉండే ఇల్లు ఒకటి, టైముకి బయటపడ్డామా లేదా అన్నది ఒకటి. ప్రమాదం ఈ మూడూ కలిస్తేనే తేలుతుంది. మొదటిది మన చేతిలో లేదు. తక్కిన రెండింట్లో మన చెయ్యి చాలానే ఉంది.

ఇది మన పేదవాళ్ల సంగతే అనుకోకండి. మనం తుపాను అనేదాన్నే అమెరికాలో హరికేన్ అంటారు. 2005లో అక్కడ కత్రినా అనే హరికేన్ వచ్చి న్యూ ఆర్లియన్స్ పట్టణాన్ని ముంచింది. అంత డబ్బున్న దేశంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వరద కట్టలు తెగాయి. కారున్నవాళ్లు ముందే వెళ్లిపోయారు, కారు లేనివాళ్లు, ముసలివాళ్లు చాలామంది ఉండిపోయారు. కట్టడమూ, తరలింపూ రెండూ దెబ్బతింటే ఎక్కడైనా అంతే.

ముందు గాలి సంగతి చెప్తాను. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ తర్వాత తుపాను. గంటకి 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. 220 దాటితే పెను తుపాను, సూపర్ సైక్లోన్ అంటారు. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, శిక్షణలో సారు బోర్డు మీద వేసి చూపించారు. గాలి వేగం రెండింతలైతే గోడ మీద పడే తోపుడు నాలుగింతలు అవుతుంది. వంద కిలోమీటర్ల గాలికి ఆగిన ఇల్లు రెండొందల గాలికి ఆగాలంటే నాలుగింతల గట్టిది కావాలి. "మా ఇల్లు పోయినసారి తుపానుకి ఆగిందిలే" అనే మాటకి అర్థం లేదు. పోయినసారి ఎంత గాలికి ఆగింది?

నంబర్ల సంగతి కూడా. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు ఓడలకీ బోట్లకీ పెట్టేవి. 8, 9, 10 మూడూ మహా ప్రమాదమే. తుపాను రేవుకి ఏ పక్కగా దాటుతుంది, లేకపోతే రేవు దగ్గరగానే దాటుతుందా అన్నదే వాటిలో తేడా. ఎనిమిదేగా, పది కాదుగా అని ఇంట్లో కూర్చునే లెక్క కాదు.

ఇప్పుడు నేను చెప్పేది మన దివిసీమ వాళ్లు అందరూ ఇంటికెళ్లి ఇంకో పది మందికి చెప్పాలి. "చీరాల దగ్గర దాటుద్దంట, బాపట్ల దగ్గర దాటుద్దంట, మనకేం లేదులే" అని మనం ఎన్నిసార్లు అనుకోలేదు? 1977 తుపాను దాటింది మన నెత్తి మీదుగా కాదు, చీరాల, నిజాంపట్నం వైపు. పోయింది మన దివి. ఎందుకంటే మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా తిరుగుతుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. తుపాను మీ వెనక నుంచి వచ్చి భూమి మీదకి వెళ్తుంది. అది దాటే చోటికి కుడిచేతి పక్క, అంటే ఉత్తరం పక్క, గాలి సముద్రం మీద నుంచి ఊరి మీదకి కొడుతుంది, నీళ్లని తోసుకొస్తుంది. ఎడంపక్క గాలి భూమి మీద నుంచి సముద్రంలోకి పోతుంది, అక్కడ ఉప్పెన తక్కువ. బాపట్ల దగ్గర దాటుతుందంటే కుడిచేతి పక్క ఉన్నది మనమే. పైగా మన డెల్టా ముందు సముద్రం లోతు తక్కువ. లోతున్న చోట తోసిన నీళ్లు కిందకి సర్దుకుంటాయి, లోతు లేని చోట పైకి లేస్తాయి. అదే సమయానికి పోటు కూడా ఉంటే ఇంకా పైకి.

ఉప్పెన నీళ్లంటే ఈదితే దాటే నీళ్లు కావు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు నీళ్లు టన్ను బరువు. అవి పరుగెత్తుకుంటూ వస్తే ఏ గోడ నిలబడుతుంది? తుపానులో ఎక్కువమందిని చంపేది గాలి కంటే నీళ్లే.

ఇంకోటి, తుపాను కన్ను. కన్ను మన ఊరి మీదుగా పోతే ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది, ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందని జనం బయటికొస్తారు, గేదెని వెతకడానికి పోతారు. కొద్దిసేపటికి మళ్లీ అంత గాలీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఒక పక్క వంగిన చెట్టు, గోడ ఇంకో పక్కకి పడతాయి. అయిపోయింది అని మైకులో చెప్పేదాకా కదలొద్దు.

ఇక ఇల్లు. ఇది మనకి బాగా పనికొచ్చే భాగం, ఎందుకంటే మన సంఘాల్లో ఏడాదికి ఎన్నో లోన్లు ఇంటి కప్పు కోసమే తీసుకుంటున్నాం.

గాలి కప్పుని కిందకి నొక్కుతుందని మనం అనుకుంటాం. అది పైకి లాగుతుంది. గాలివానలో గొడుగు ఎట్టా తిరగబడుతుందో చూశారుగా, అట్టా. దానికి తోడు గాలి కొట్టే వైపు తలుపో కిటికీయో ఊడిందంటే గాలి లోపల నిండి, నూనెలో పూరీ పొంగినట్టు కప్పుని లోపలి నుంచి కూడా పైకి తోస్తుంది. పైనుంచి లాగుడు, లోపల నుంచి తోపుడు. కప్పు లేచాక గోడలకి పైన పట్టు ఉండదు, అవి లోపలికి కూలతాయి. అందుకే తలుపుకి అడ్డగడియ, కిటికీకి అడ్డంగా చెక్కలు బిగించడం చిన్న పని అనుకోవద్దు.

రేకుల ఇల్లు ఉన్నవాళ్లు వినండి. లాగుడు అన్నిచోట్లా ఒకేలాగా ఉండదు. మూలల్లో, చూరు వెంబడి, నడికప్పు వెంబడి ఎక్కువ. రేకులు బిగించేటప్పుడు మేస్త్రీ అన్నిచోట్లా ఒకే దూరంలో జే హుక్కులు వేసుకుంటూ పోతాడు, కొన్నిచోట్ల మిగులుస్తాడు కూడా. మూలల్లో, చూరు దగ్గర దగ్గర దగ్గరగా వెయ్యమని నిలబడి అడగండి. హుక్కు ఖరీదెంత, రేకు ఖరీదెంత? లేచిపోయిన రేకు మన ఒక్కరికే నష్టం కాదు, ఆ గాలిలో అది కత్తి. పక్కింటి వాళ్ల మీద పడుతుంది.

వాలు బాగా తక్కువ ఉన్న రేకుల కప్పు తొందరగా లేస్తుంది. రెండు పక్కల వాలు కంటే నాలుగు పక్కల వాలున్న కప్పు గాలికి బాగా ఆగుతుంది. చూరు బారుగా బయటికి వదిలితే గాలికి పట్టు దొరుకుతుంది. వరండా రేకులు ఇంటి కప్పుతో కలిపి ఒకటే పరుపుగా వెయ్యకుండా విడిగా వేయించుకుంటే, పోతే వరండా పోతుంది, ఇల్లు నిలబడుతుంది. మన పాతవాళ్ల చుట్టిళ్లు చూడండి. గుండ్రటి గోడ, నిటారుగా శంకువు లాంటి తాటాకు కప్పు, నేలకి దగ్గరగా దిగిన చూరు. గాలికి తన్నుకునే మూల ఒక్కటీ లేదు, చుట్టూ జారిపోతుంది. ఏ ఇంజనీరూ చెప్పకుండా కట్టుకున్నారు వాళ్లు. ఇప్పుడు అవి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. తాటాకిల్లు ఉన్నవాళ్లు కప్పు మీద పాత వలలు పరిచి, తాళ్లతో కిందకి లాగి గుంజలకి కట్టుకోవడం మన పల్లెకారు ఇళ్లలో ఉన్నదే. నిట్రాడు మొదట్లో పుచ్చిందేమో, వాసాల కట్లు వదులైనాయేమో సెప్టెంబర్‌లోనే చూసుకోవాలి. మట్టితో కట్టిన ఇటుక గోడకి గాలి కంటే వాన ప్రమాదం. నానిపోయి కూర్చుంటుంది.

శ్లాబు వేసుకున్నవాళ్లు మాకేం భయం అంటారు. గాలికి భయం తక్కువే. కానీ సముద్రానికి దగ్గర్లో, పల్లంలో ఉన్న శ్లాబు ఇంట్లోకి ఉప్పెన నీళ్లు రావా? మనలో చాలామంది శ్లాబు వేసి, డబ్బులు అయిపోయి, మెట్లు తర్వాత కట్టుకుందాం అని వదిలేస్తున్నారు. రంగులేస్తారు, గేటు పెడతారు, మెట్లు ఉండవు. నా మాట కటువుగా ఉంటే ఏమనుకోకండి, మన ఊళ్లల్లో మెట్లు లేని శ్లాబు సగం ఇల్లే. నీళ్లు వచ్చిన రోజు పైకెక్కే దారి లేకపోతే ఆ శ్లాబు ఎందుకు? పల్లంలో ఉన్న ఇళ్లకి హౌసింగ్ లోను ఇచ్చేటప్పుడు గేటు కంటే ముందు మెట్లు అని మన గ్రామ సంఘాలు తీర్మానం రాసుకోవాలని నా కోరిక. అట్టాగని మెట్లున్నాయి కదా అని ఇంట్లోనే ఉండిపోమని చెప్పట్లేదు. ఆ గాలిలో డాబా మీద పిల్లల్ని పట్టుకుని నిలబడటం ఎవరివల్లా కాదు. అది దారులన్నీ మూసుకుపోయాక చివరి ఆశ.

మడ అడవుల గురించి కూడా ఒక్క మాట. 1999లో ఒడిశా పెను తుపానులో మడ అడవి మందంగా మిగిలిన చోట దాని వెనకాల ఊళ్లలో చావులు తక్కువగా ఉన్నాయని తర్వాత లెక్కలు తీశారు. మన దగ్గర మడ కొట్టి చెరువులు తవ్వుతుంటే మనం చూస్తూ ఊరుకుంటున్నాం. దాని మీద విడిగా మాట్లాడుకుందాం.

అదే ఒడిశా సంగతి ఇంకొంచెం చెప్తాను. 1999లో అక్కడ దాదాపు పది వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర దాటింది, అది కూడా 200 పైనే గాలి. ఆసారి పది లక్షల మంది దాకా ముందుగానే కదిలారు. చావులు యాభై లోపు. మధ్యలో వాళ్లు షెల్టర్లు కట్టారు, ఊరూరా జనానికి తర్ఫీదు ఇచ్చారు. ఇళ్లు మటుకు లక్షల్లో దెబ్బతిన్నాయి. అంటే ఇల్లు పోయినా మనిషి మిగిలాడు. ఇల్లు పోతే లోను పెట్టి మళ్లీ కట్టుకుంటాం.

ఇప్పుడు మన ఆడవాళ్ల సంగతికి వస్తాను. 1991లో బంగ్లాదేశ్‌లో పెద్ద తుపాను వచ్చి లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ. చంకలో బిడ్డ, ఒంటి మీద ఆరు గజాల చీర, ఈత రాదు. అంతకంటే ముందు, ఇంటాయన వచ్చి పదండి అనేదాకా గడప దాటకపోవడం. ఇది చదివి వినిపించినప్పుడు మా సంఘంలో అందరూ మౌనంగా అయిపోయారు. మనమూ అంతేగా. ఆయన పొలం దగ్గరున్నాడు, వచ్చాక వెళ్దాం. గేదె ఈనబోతుంది, ఎట్టా వదిలి వెళ్లేది. బీరువాలో సామాను ఉంది. వయసొచ్చిన పిల్లతో షెల్టర్లో అంతమంది మధ్య ఎట్టా పడుకునేది, అక్కడ బాత్రూం ఉందో లేదో. అత్తగారు మంచం దిగలేదు. ఇవి సాకులు అని కొట్టిపారేసే వాళ్లు ఉన్నారు. నేను అట్టా అనను. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. తుపాను వచ్చిన రోజు వీటికి జవాబు దొరకదు, ముందే వెతుక్కోవాలి.

గేదెలకి పలుపు విప్పి వదిలెయ్యండి. కట్టేసిన గొడ్డు మునిగిపోతుంది, వదిలిన గొడ్డు మెరక చూసుకుంటుంది. నడవలేని అత్తగారిని మోయడానికి ఎవరు వస్తారో పేరుతో సహా ముందే రాసుకోవాలి. ఆయన వచ్చేదాకా ఆగకుండా, ఎక్కడికి వెళ్తున్నామో మంచి రోజుల్లోనే మాట్లాడి పెట్టుకోవాలి. అప్పుడు ఆయన నేరుగా అక్కడికే వస్తాడు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్లో. మినిట్స్ పుస్తకం, పొదుపు లెడ్జరు ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లు ఇంకో కవర్లో. అటుకులు, బెల్లం, మంచినీళ్ల డబ్బా, మందులు, టార్చిలైటు. పాతికేళ్ల పొదుపు లెక్క తడిసిపోతే మళ్లీ రాసుకోవడం ఎంత గొడవో ఆలోచించండి.

టైము గురించి. వెళ్లడం ముందు రోజు పగలే అవ్వాలి. కొమ్మలు విరగడం మొదలయ్యాక చెట్లు రోడ్డుకి అడ్డం పడతాయి, కరెంటు తీగలు పడతాయి, ఆటోవాడు రాడు, బస్సు రాదు. "పోయినసారి వెళ్లాం, ఏం కాలేదు, ఊరికే దోమల్లో పడుకున్నాం" అంటారు. నిజమే. తుపాను ఆఖరి రోజు దారి మార్చుకోవచ్చు, పక్కకి పోవచ్చు. మనకి ఏం కాలేదంటే పక్క జిల్లావాళ్లకి అయ్యిందన్నమాట. ఒక రాత్రి నిద్ర చెడితే పోయేదేం లేదు.

మన సంఘాలకి ఒక బలం ఉంది. ఏ ఇంట్లో గర్భిణీ ఉంది, ఏ ఇంట్లో ముసలాయన ఒక్కడే ఉన్నాడు, ఎవరి కొడుకు వేటకెళ్లాడు, ఇవి ఆఫీసు కాగితాల కంటే మనకే బాగా తెలుసు. వారం వారం కూర్చునేవాళ్లం. మైకులో చెప్తే కదలని అమ్మ కూడా మన సంఘం అక్క వచ్చి చెయ్యి పట్టుకుంటే లేస్తుంది. అందుకని పాలకవర్గం ఒక ఏర్పాటు అనుకుంది. ఒక్కో సంఘం నుంచి ఇద్దరు, ఆ సంఘం సభ్యుల ఇళ్లతో పాటు చుట్టుపక్కల సంఘంలో లేని ఇళ్లు కూడా చూసుకోవాలి. సంఘంలో లేనివాళ్లని వదిలెయ్యొద్దు. ఎక్కువ అవసరం ఉన్న ఇళ్లు అవే.

తుపాన్ల కాలం మనకి రెండు. ఏప్రిల్ నుంచి జూన్, మళ్లీ అక్టోబర్ నుంచి డిసెంబర్. 1990ది మే నెలలో వచ్చింది, దివి ఉప్పెన, కోనసీమది నవంబర్‌లో. ఏడాదికి రెండుసార్లు ఈ పని పెట్టుకోవాలి.

వెళ్లేటప్పుడు ప్రతి గ్రామ సంఘానికి ఒక కాగితం ఇస్తారు. అందులో ఉన్నవి నింపి సెప్టెంబర్ మొదటి వారంలోపు సమాఖ్య ఆఫీసులో ఇవ్వండి. మీ ఊరి షెల్టరు ఎక్కడ, పల్లంలో ఇళ్ల నుంచి ఎంత దూరం. ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్డి ఉందా, దానికి నీళ్లు, గడియ ఉన్నాయా. బోరు పనిచేస్తుందా. లోపల ధాన్యం బస్తాలు, పాత కుర్చీలు ఏమైనా నింపి పెట్టారా. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది. ఈ ఆఖరిదానికి ఫలానా ఆఫీసు అని రాయొద్దు. మనిషి పేరు, ఫోన్ నంబరు రాయండి, రాసే ముందు ఒకసారి ఆ తాళం తీసి చూడండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటే కొబ్బరినూనె వేస్తే రాదు, కొత్తది కొనాల్సిందే. ఆ ఖర్చు గ్రామ సంఘం ఖాతాలో రాసుకోవచ్చని మన అకౌంటెంటు గారు చెప్పారు.

కాగితాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. భోజనాలు వెనకాల షెడ్డులో. దూరం ఊళ్ల వాళ్లు ముందు కూర్చోండి, మీకు బస్సు టైము అవుతుంది.